వెర్దిక్కియోకు తోడు చేప ఒక్కటే కాదు

మీ ప్రశ్న ఇది. మీరు మిలాన్‌లో ఉంటున్నారు. అంకోనా నుంచి స్నేహితుల కుటుంబం భోజనానికి వస్తోంది. వాళ్లు తమ ప్రాంతపు తెల్ల వైన్ వెర్దిక్కియో సీసాలు రెండు తెస్తామన్నారు: ఒకటి కస్తెల్లి ది యేజి క్లాస్సికో సుపెరియోరె, రెండోది మతేలిక రిజెర్వా. తెల్ల వైన్ కాబట్టి చేపే వండాలా, మన తెలుగు వంటలు పెడితే బాగుంటుందా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. వెర్దిక్కియోను చేపకు కట్టేయవద్దు. ఈ వైన్‌కు అసలు జత నూనె, ఆకుల సువాసన, వేపుడు. వంటకంలో ఉన్నది చేపా మాంసమా అన్నది తరువాతి సంగతి. నూనె ఎంత, పులుపు ఎంత, కారం ఎంత అన్నవి ముందు చూసుకోవాలి. మన వంటలు తప్పకుండా పెట్టవచ్చు, కానీ అన్నీ కాదు. అంకోనా చుట్టుపక్కల భోజనశాలల్లో వైన్ వడ్డించడమే వృత్తిగా బతికినవాడిని కాబట్టి ఈ వైన్ మీద నాకు పక్షపాతం ఉంది. ఇటలీ తెల్ల వైన్లలో తిండితో ఇంత చక్కగా కలిసిపోయేది మరొకటి నాకు కనిపించలేదు.

అంకోనా ముఖ్యపట్టణంగా ఉన్న ప్రాంతం పేరు మార్కె. ఇటలీ తూర్పు అంచున, అపెన్నైన్ కొండలకూ ఏడ్రియాటిక్ సముద్రానికీ మధ్య ఉంటుంది. వెర్దిక్కియో ఆ ప్రాంతపు ద్రాక్ష రకం పేరు, దానితో చేసిన వైన్ పేరు కూడా అదే. చట్టప్రకారం సీసాలో కనీసం 85 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. చాలామంది తయారీదారులు పూర్తిగా దానితోనే చేస్తారు. జన్యు పరీక్షల్లో తేలిన ఒక విషయం మీకు పనికొస్తుంది. మీకు దగ్గర్లోనే ఉన్న గార్దా సరస్సు ఒడ్డున లుగానా వైన్ చేసే తుర్బియానా ద్రాక్ష, సొఆవె ప్రాంతంలోని త్రెబ్బియానో ది సొఆవె ద్రాక్ష, ఈ వెర్దిక్కియో మూడూ ఒకే రకం. మిలాన్ దుకాణంలో వెర్దిక్కియో దొరకని రోజున లుగానా తీసుకుంటే అదే కుటుంబంలో ఉన్నట్లు లెక్క. కాకపోతే లుగానా కొంచెం మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. మార్కె కొండల పదును దానికి ఉండదు.

ఆ పదును ఎలా ఉంటుందో చెప్పాలి, జత కుదిర్చేది అదే కాబట్టి. గ్లాసులో పోస్తే లేత గడ్డి రంగు, అంచున సన్నని పచ్చదనం. వాసనలో పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, తెల్లపూలు. కాస్త ఆగి చూస్తే సోపు. నోట్లోకి తీసుకోగానే పులుపు గట్టిగా తగులుతుంది. ఈ ద్రాక్ష బాగా పండిన తరువాత కూడా తన పులుపును వదులుకోదు. మింగాక నాలుక వెనక భాగంలో చేదు బాదం పలుకు నమిలినట్లు చిన్న చేదు మిగులుతుంది. మొదటిసారి తాగేవాళ్లు కొందరు ఆ చేదును లోపం అనుకుంటారు. భోజనంతో తాగితే దాని పని అర్థమవుతుంది. నూనె పూత పట్టిన నోటిని పులుపు కడిగేస్తే, ఆ చేదు మరో ముద్ద తినాలనిపించేలా ఆకలిని మేల్కొలుపుతుంది. సోపు వాసన ఆ ప్రాంతపు వంటలన్నిటికీ మేనత్త కొడుకు లాంటిది, దాని సంగతి కింద చెబుతాను.

ఇప్పుడు మీకు రాబోయే రెండు సీసాలు. రెండింటి ద్రాక్షా ఒకటే, స్వభావాలు వేరు. యేజి పట్టణం ఎసీనో నది లోయలో, సముద్రానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1194లో పుట్టింది ఆ ఊళ్లోనే. దాని చుట్టూ కొండల మీద కోటగోడలున్న పల్లెలు చాలా ఉన్నాయి: కుప్రమొంతానా, మొంతెకరొత్తో, స్తఫ్ఫొలో, సెర్రా దె కొంతి. ద్రాక్షతోటలన్నీ వాటి వాలుల మీదే. ఇక్కడి లోయ సముద్రం వైపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి సముద్రపు గాలి తోటల దాకా వస్తుంది, వైన్‌లో పండ్ల గుణం, నిండుదనం ఎక్కువ. మతేలిక అలా కాదు. అదే నది ఎగువన, అపెన్నైన్ కొండలకు సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా సాగే మరో లోయ అది. మధ్యలో ఉన్న కొండల వరస సముద్రపు గాలిని ఆపేస్తుంది. తోటలు ఎత్తున ఉంటాయి, పగలు ఎండ బాగా కాస్తుంది, రాత్రి చలి కొరుకుతుంది. అందుకే మతేలిక వైన్‌లో పులుపు ఇంకా పదునుగా, ఒళ్లు ఇంకా బిగువుగా ఉంటుంది. తొలి ఏడాదిలో అది కొంచెం ముభావంగా ఉంటుంది, నాలుగైదేళ్లకు నోరు విప్పుతుంది. ప్రాంతపు పేరును చట్టం గుర్తించింది మతేలికకు 1967లో, యేజికి 1968లో.

సీసా మీది మాటల్లో క్లాస్సికో అంటే పాత, అసలు తోటల పరిధిలోది. సుపెరియోరె అంటే ఆల్కహాలు కనీసం 12 శాతం, అంటే పండు ఇంకాస్త బాగా పండాక కోసినది. రిజెర్వా అంటే కనీసం 18 నెలలు నిల్వ ఉంచి అమ్మేది, ఆల్కహాలు కనీసం 12.5 శాతం. నిల్వ పెద్ద ఓక్ పీపాల్లో కావచ్చు, సిమెంటు ట్యాంకుల్లో కావచ్చు. నాకు సిమెంటులో ఉంచినవే ఎక్కువ ఇష్టం, కర్ర వాసన ద్రాక్షను కప్పేయదు. మీ మతేలిక రిజెర్వా ఏ సంవత్సరపు కోతదో మీ స్నేహితులను అడగండి. ఆరేడేళ్లది అయితే తేనె, ఎండుగడ్డి, చామంతి వాసన వస్తాయి. అలాంటిదాన్ని వేపుడు పక్కన పెట్టి వృథా చేయకండి.

ఈ వైన్‌కు చేప వైన్ అన్న ముద్ర ఎలా పడిందో కూడా తెలుసుకోవడం మంచిది. 1953లో ఫాజి బత్తాల్యా అనే సంస్థ కొత్త సీసా కోసం పోటీ పెడితే, అంతోనియో మయొక్కి అనే వాస్తుశిల్పి ప్రాచీన జాడీ ఆకారంలో, నడుము సన్నగా ఉండే ఆకుపచ్చ సీసాను గీశాడు. మెడకు చుట్టిన కాగితం చిన్నది వేలాడేది. ఆ సీసా ప్రపంచమంతా తిరిగింది, ఇటలీ సముద్రతీర హోటళ్లలో చేప పళ్లెం పక్కన అదే కనిపించేది. పేరు తెచ్చింది ఆ సీసానే, పేరు పలుచన చేసిందీ అదే. జనం సీసాను చూసి కొన్నారు, తయారీదారుల్లో చాలామంది పరిమాణం వెనక పరుగెత్తారు, వైన్ నీళ్లలా అయింది. 1980ల నుంచి విల్లా బుచ్చి, సర్తరెల్లి, గరోఫొలి, మతేలికలో లా మొనచెస్కా లాంటి తోటల వాళ్లు దిగుబడి తగ్గించి, కోత ఆలస్యం చేసి, మామూలు సీసాల్లో నింపి, ఈ ద్రాక్ష ఎంత ఎత్తుకు ఎదగగలదో చూపించారు. చేప ముద్ర మాత్రం పోలేదు.

చేపతో బాగుండదని కాదు. అంకోనాలో తినాల్సిన చేప వంటకం ఒకటుంది, దానితో వెర్దిక్కియో తాగినవాళ్లు రెండింటినీ విడదీసి చూడలేరు. పేరు స్తొక్కఫిస్సొ అల్లంకొనితానా. నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపను ఉప్పు తగలనివ్వకుండా చలిగాలికి ఎండబెడతారు, అది కర్రలా గట్టిపడుతుంది. దాన్ని రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టి, ముక్కలు కోసి, వెడల్పాటి పాత్రలో అడుగున రెల్లు పుల్లలు పరిచి వాటి మీద పేరుస్తారు, అడుగంటకుండా. ఉల్లిపాయ, సెలెరీ, టమాటా, ఆంచొవీ అనే చిన్న చేప, రోజ్‌మేరీ ఆకు వేస్తారు. పైన బంగాళాదుంపల పెద్ద ముక్కలు కప్పుతారు. తరువాత ఆలివ్ నూనె, చూసేవాళ్లు ఇక చాలు అనేంతగా. ఒక గ్లాసు వెర్దిక్కియో కూడా పోస్తారు. సన్నటి మంట మీద గంటల తరబడి ఉడకాలి, గరిటె పెట్టకూడదు. చివరికి బంగాళాదుంపలు నూనెనూ రసాన్నీ పీల్చుకుని అంచులు కరిగిపోతూ ఉంటాయి. నన్నడిగితే ఆ వంటకంలో చేప కన్నా ఆ దుంపలే గొప్పవి. అంత నూనె ఉన్న వంటకం పక్కన మెత్తటి తెల్ల వైన్ పెడితే రెండో గుక్కకే నోరు మొద్దుబారుతుంది. వెర్దిక్కియో పులుపు ఆ నూనెను కోస్తుంది, టమాటా పులుపుకు తలవంచదు. ఎర్ర వైన్ అయితే అందులోని ఇనుము చేపతో కలిసి నీచు వాసన లేపుతుంది.

బ్రొదెత్తో, అంటే చేపల పులుసు, అదే తీరంలో ఊరికో రకం. అంకోనాలో టమాటా, వెనిగర్ వేసి, సంప్రదాయం ప్రకారం 13 రకాల చేపలతో చేస్తారు. పొర్తో రెకనాతిలో టమాటా లేకుండా కుంకుమపువ్వుతో, సన్ బెనెదెత్తో దెల్ త్రొంతోలో పచ్చి టమాటాలు, క్యాప్సికమ్‌తో. వెనిగర్ పడిన వంటకానికి వైన్ జత కుదర్చడం కష్టం, ఎందుకంటే వంటకం పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పగా తోస్తుంది. అంకోనా, సన్ బెనెదెత్తో పులుసులకు మతేలిక, పొర్తో రెకనాతి పులుసుకు యేజి అని నా లెక్క. కొనెరో కొండ కింద పొర్తొనోవో తీరపు రాళ్లకు పట్టి పెరిగే ఆల్చిప్పలకు, మొస్కియొలి అంటారు వాటిని, మాత్రం యేజి నుంచి వచ్చిన లేత, తాజా వెర్దిక్కియో చాలు. ఉప్పదనం వైన్ పులుపును మెత్తబరుస్తుంది, ఇంకేమీ అక్కర్లేదు.

చేప కాని వాటిలో నాకు మొదట గుర్తొచ్చేవి అస్కొలి పట్టణపు ఆలివ్ వేపుడు. అక్కడి ఆలివ్ పచ్చగా, పెద్దగా, మెత్తగా ఉంటుంది. ఉప్పునీటిలో ఊరిన కాయను చిన్న కత్తితో గింజ చుట్టూ మరమేకు తిరిగినట్లు కోస్తూ గుజ్జును ఒకే పట్టీగా తీస్తారు. పశువు, పంది, కొద్దిగా కోడి మాంసం వేయించి రుబ్బి, చీజ్ తురుము, జాజికాయ కలిపిన ముద్దను చిన్న ఉండ చేసి, ఆ పట్టీని దాని చుట్టూ చుట్టి మళ్లీ కాయ ఆకారం తెస్తారు. పిండిలో, గుడ్డులో, రొట్టె పొడిలో దొర్లించి నూనెలో వేయిస్తారు. ఉప్పు, చేదు, కొవ్వు, కరకరలు ఒకే కొరుకులో ఉంటాయి. లోపల ఉన్నది పూర్తిగా మాంసం, అయినా దానికి తగిన వైన్ ఇదే.

ఇక సోపు సంగతి. మార్కెలో ఒక వంటకం పేరు చివర ఇన్ పొర్కెత్తా అని ఉంటే, అందులో అడవి సోపు ఆకు, వెల్లుల్లి, మిరియాలు పడ్డాయని అర్థం. కుందేలు ఎముకలు తీసి, ఆ ఆకు కూరి, కట్టి కాలుస్తారు. సముద్రపు నత్తలను కూడా అదే ఆకుతో ఉడికిస్తారు. వెర్దిక్కియోలోని సోపు వాసన ఈ ఆకును గుర్తుపట్టినట్లు పైకి లేస్తుంది. కుందేలు ఇన్ పొర్కెత్తాతో మతేలిక రిజెర్వా తాగాక తెల్ల వైన్‌కు మాంసం పడదని ఎవరూ అనరు. మచెరాతా వైపు చేసే విన్చిజ్‌గ్రాస్సి అనే పొరల పాస్తాకు, అందులో కోడి లోపలి భాగాలతో చేసిన మాంసపు సాస్ ఉంటుంది, అక్కడివాళ్లు సాధారణంగా ఎర్ర వైన్ తాగుతారు. వయసు మళ్లిన రిజెర్వా కూడా నిలబడుతుంది. మే నెలలో పచ్చి ఫావా చిక్కుడు గింజలు, గొర్రెపాల చీజ్ తింటారే, దానికీ ఈ వైనే. ఆర్టిచోక్ అనే కూరగాయ మాత్రం చాలా వైన్లను పాడుచేస్తుంది, వెర్దిక్కియో తక్కువ నష్టంతో బయటపడుతుంది, అంతే.

ఇప్పుడు మీ వంటింటికి వద్దాం. మన వంటల్లో మూడు విషయాలు ఈ వైన్‌కు పడవు. మొదటిది ఎండుమిరప కారం. ఆల్కహాలు కారాన్ని రెట్టిస్తుంది, 12, 13 శాతం ఉన్న వైన్ కూడా మంటను నోరంతా పూస్తుంది, ఆ మంటలో వైన్ రుచి అసలు తెలియదు. రెండోది చింతపండు, గోంగూర. బ్రొదెత్తో విషయంలో చెప్పిన కారణమే, ఇక్కడ ఇంకా తీవ్రంగా. కాబట్టి మన చేపల పులుసు ఎంత బాగా వండినా ఆ రాత్రికి వద్దు. వైన్‌తో కాకుండా మరో రోజు వాళ్లకు ప్రత్యేకంగా పెట్టండి, దానికి దక్కవలసిన మర్యాద అప్పుడే దక్కుతుంది. మూడోది కాకరకాయ. చేదుకు చేదు కలిస్తే మిగిలేది చేదే.

బాగా కుదిరేవి మీరు అనుకున్న దానికన్నా ఎక్కువే. మిలాన్ చేపల అంగడిలో అలీచి అని అమ్మే చిన్న చేపలు మన నెత్తళ్లకు దగ్గరి చుట్టాలు. పసుపు, ఉప్పు, కొంచెం అల్లం పట్టించి, బియ్యప్పిండి దొర్లించి, కరివేపాకుతో కరకరలాడేలా వేయించండి. కారప్పొడి చిటికెడు మించకూడదు. యేజి సుపెరియోరెకు దీనికన్నా మంచి తోడు నేను చెప్పలేను. మీ స్నేహితులు కూడా తమ తీరపు చేపను వెంటనే గుర్తుపడతారు. పెసర గారెలు వేడివేడిగా, పచ్చిమిరప తగ్గించిన కొబ్బరి పచ్చడితో పెట్టవచ్చు, కొబ్బరి కొవ్వును ఈ పులుపు చక్కగా కోస్తుంది. బెండకాయ వేపుడు, కొబ్బరి కోరిన బీన్స్ కూర, రెండూ బాగుంటాయి. శాకాహారం పెట్టే ఉద్దేశం ఉంటే సంకోచించవద్దు, ఈ వైన్ కూరగాయలతో కూడా సుఖపడుతుంది.

మతేలిక రిజెర్వాకు నెమ్మదైన, కొవ్వు ఉన్న వంటకం కావాలి. పాలు పోసి వండిన సొరకాయ కూర, ముద్దపప్పులో నెయ్యి, ఉల్లిపాయలు బాగా మగ్గించి సోపు పొడి కాస్త వేసి చేసిన కోడి ఇగురు. ఇందులో సోపు పొడి మరిచిపోకండి, వైన్‌కు వంటకానికి వంతెన అదే. గసగసాల ముద్ద వేసి చిక్కగా చేస్తే ఇంకా మంచిది. మిరియాలు కొంచెం దంచి వేయండి, ఎండుమిరప పక్కన పెట్టండి. కుందేలు దొరికితే, మీ ఇంట్లో తింటారంటే, ఇదే పద్ధతిలో వండి చూడండి. ఆవకాయ, గోంగూర పచ్చడి బల్ల మీద ఉండాలనిపిస్తే ఉంచండి, అయితే రిజెర్వా గ్లాసులు ఖాళీ అయ్యాక తేండి.

వడ్డించే తీరు గురించి రెండు మాటలు. యేజి సీసాను 10 డిగ్రీల దగ్గర పెట్టండి, రిజెర్వాను 12, 13 దగ్గర. ఫ్రిజ్ లోపలి చలి ఈ రెండింటికీ ఎక్కువే. రిజెర్వాను తినడానికి అరగంట ముందు బయటకు తీసి బిరడా తీయండి. చల్లదనం మితిమీరితే వాసన ముడుచుకుపోతుంది, చేదు ముందుకొస్తుంది, అప్పుడు వైన్‌ను తప్పుపడతారు. గ్లాసు సగం కూడా నింపవద్దు. ముందు యేజి, వేపుళ్లతో, తరువాత మతేలిక, అన్నంతో. ఈ వరస తిప్పితే యేజి పలుచగా తోస్తుంది. యేజి సీసాలో ఏమైనా మిగిలితే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు మూడు రోజులు నిలుస్తుంది. కోడి ఇగురు అడుగంటబోతుంటే నీళ్లకు బదులు అదే చిన్న గ్లాసు పోయవచ్చు, అంకోనా వంటింట్లో చేసే పనే.

పెరుగన్నం, పాయసం వచ్చేసరికి ఈ రెండు సీసాలూ బల్ల మీద ఉండకూడదు. తీపి పక్కన ఇలాంటి తీపి లేని వైన్ పుల్లగా, కటువుగా మారుతుంది. పాయసానికి వైన్ కావాలనుకుంటే ద్రాక్షను ఎండబెట్టి చేసే తియ్యటి వెర్దిక్కియో ఉంది, పస్సీతో అంటారు. జీడిపప్పు, కిస్మిస్ నేతిలో వేయించి వేసిన సేమ్యా పాయసంతో అది చాలా బాగుంటుంది. మీ స్నేహితులు ఇంకా బయలుదేరలేదు కాబట్టి, మూడో సీసాగా అది తేగలరేమో అడిగి చూడండి.